సీమంతం అయ్యాక ఒక ఆదివారం: పురిటికి ఇల్లు సర్దడం

నేను తిరుపతి కొర్లగుంటలో కుట్టుమిషన్ పెట్టుకుని ఇరవై రెండేళ్లుగా బతుకుతున్న మనిషిని. సీమంతాల కాలంలో నాకు చేతినిండా పని. ఏడో నెల కడుపుతో ఉన్న ఆడపిల్లలు, మేం పాపలని పిలిచేవాళ్లు, జాకెట్లు వదులు చేయమని తెస్తారు. కొలత తీసుకుంటూ "ఇంట్లో ఏం సర్దినారమ్మా?" అని అడుగుతాను. గాజులు ఎన్ని డజన్లు తెచ్చారో, ఫోటోలాయన ఎంత అడిగాడో అన్నీ చెబుతారు. బాత్‌రూమ్ గొళ్లెం ఊడిందని మాత్రం ఒక్కరూ చెప్పరు.

తొలికాన్పు పుట్టింట్లో అనేది మన రివాజు. కానీ అందరికీ పుట్టిల్లు ఉండదు. అమ్మ లేని పిల్లలుంటారు. ప్రేమించి పెళ్లి చేసుకుని రెండు వైపులా మాటల్లేని వాళ్లుంటారు. ఊళ్లో ఆసుపత్రి లేదని ఇక్కడే ఆగిపోయినవాళ్లూ ఉంటారు. అట్లాంటి ఇళ్ల కోసం మా వీధిలో ఇప్పటికి ఆరుసార్లు 'ఇల్లు సర్దే ఆదివారం' పెట్టాం. ఇందులో నాకు తెలిసినవన్నీ మొదట తప్పు చేసి తెలుసుకున్నవే.

మొదటిసారి ఎదురింటి పాప కోసం వీధి మొత్తాన్నీ పిలిచాను. ఇరవై ఆరు మంది వచ్చారు. పాపకి ఎనిమిదో నెల. వచ్చినవాళ్లకి కాఫీలు పెడుతూ నాలుగు గంటలు నిలబడే ఉంది. మంచం తూర్పుకి తిప్పాలని ఒకరు, వద్దు దక్షిణానికని ఇంకొకరు, ఆ మంచాన్ని మూడుసార్లు తిప్పారు. పౌడరు, సబ్బు, నూనె కలిపి అమ్మే పిల్లల డబ్బాలు పదకొండు వచ్చాయి. దోమతెర ఒక్కటీ రాలేదు. అందరూ వెళ్లాక పాప కాళ్లు చూస్తే పాదాలు వాచి మెట్టెలు బిగుసుకుపోయున్నాయి. ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

కాబట్టి మొదటి మాట. ఎనిమిది మందిని మించి పిలవకండి. వాళ్లలో ఒకరికి కరెంటు పని, ఒకరికి కొళాయి పని తెలిసుండాలి. ఇద్దరు ఈమధ్యే బిడ్డను కన్నవాళ్లయితే మంచిది, వాళ్లకి కష్టం ఇంకా గుర్తుంటుంది. పిలిచేటప్పుడే "బహుమతి తేవద్దు, మనిషికి రెండు వందలు ఇవ్వండి, పాత కాటన్ చీర ఉంటే తెండి" అని చెప్పేయండి. మొహమాటపడితే మళ్లీ పదకొండు డబ్బాలు వస్తాయి.

ఏడో నెల చివర, లేదంటే ఎనిమిదో నెల మొదట్లో పెట్టండి. తొమ్మిదో నెలలోకి లాగకండి, బిడ్డ డాక్టరు చెప్పిన తేదీ కోసం కూర్చోదు. ఉదయం తొమ్మిదిన్నరకి మొదలుపెట్టి ఒంటిగంటకి ముగించండి. ఆదివారం రాహుకాలం సాయంత్రం నాలుగున్నరకి గనక పెద్దవాళ్లకీ పేచీ ఉండదు. మే నెలలో అయితే తాతయ్యగుంట గంగమ్మ జాతర వారం చూసుకోండి. చాటింపు పడ్డాక ఊరివాళ్లు పొలిమేర దాటరు, ఊళ్లో ఉన్నవాళ్లు వేషాల హడావిడిలో ఉంటారు, మీకు మనుషులు దొరకరు.

వంట ఆ ఇంట్లో వద్దు. వాళ్ల వంటిల్లు కూడా సర్దాలి కదా. పక్కింట్లో వండించండి. మేము సంగటి, ఆకుకూర పప్పు, చెనక్కాయల ఊరిబిండి (వేరుశెనగ పచ్చడి) చేస్తాం. ముద్ద తిన్నాక ఎవరికీ పని చేయబుద్ధి కాదు గనక పనంతా అయ్యాకే వడ్డిస్తాం.

శనివారం రాత్రి బియ్యం మూట

అసలు పని ఆదివారం మొదలవదు, ముందురోజు రాత్రే మొదలవుతుంది. రెండోసారి పెట్టినప్పుడు మా ఆయన సరదాగా అన్న మాట ఇది, ఇప్పుడు మాకు ఆచారమైపోయింది. మూడు కిలోల బియ్యం తువ్వాలులో మూటకట్టి, కాబోయే తండ్రి చేతికివ్వాలి. లైట్లన్నీ ఆర్పేయాలి. ఆ మూట ఎడమ చేతిలో పొత్తిళ్లలా పట్టుకుని మంచం దగ్గర లేచి బాత్‌రూముకి వెళ్లాలి, అక్కడినుంచి వంటింటికి వెళ్లి గ్లాసుడు నీళ్లు వేడిచేయాలి, ఒక పొడి గుడ్డ వెతుక్కుని మళ్లీ మంచం దగ్గరికి రావాలి. మూట కింద పెట్టకూడదు. భార్య మంచం మీదే కూర్చుని, ఆయన ఎక్కడ ఆగాడో, ఎక్కడ తిట్టుకున్నాడో కాగితం మీద రాయాలి.

పాపలు నవ్వినంతసేపు నవ్వుతారు. తర్వాత ఆ కాగితం చూస్తే నవ్వు ఆగిపోతుంది. ఆరు ఇళ్లలో మాకు దొరికినవి చెబుతాను. బాత్‌రూమ్ గొళ్లెం తలకంటే ఎత్తులో ఉంది, కడుపు కోసి కుట్లు వేసిన మనిషి చెయ్యి అంత పైకి చాపలేదు. బెడ్‌రూమ్ స్విచ్చి బీరువా వెనక పడిపోయింది. నడవలో ఖాళీ సిలిండరు ఉంది. వంటింటి గడప రెండు అంగుళాలు ఎక్కువ. లైటరు ఒక్కసారికి వెలగదు. ఒక ఇంట్లో అయితే ఆ అబ్బాయికి పొడి గుడ్డ ఎక్కడుంటుందో తెలియదు, మూడేళ్లుగా ఆ ఇంట్లోనే ఉంటున్నాడు.

ఆదివారం చేయాల్సిన పనుల పట్టిక ఆ కాగితమే. ఇంకెవరి సలహాలూ అందులో చేరవు. వచ్చినవాళ్లు కొత్త పని చెబితే "కాగితంలో ఉందా అక్కా?" అని అడుగుతాను. లేదంటే పాప ఒప్పుకుంటేనే రాస్తాం. పాప పని చేయదు, కుర్చీలో కూర్చుని కాళ్లు ఒక ముక్కాలిపీట మీద పెట్టుకుంటుంది. కానీ ఏ వస్తువు ఎక్కడుండాలో చెప్పేది ఆమే. సర్దే చేతులు మాత్రం మొగుడివై ఉండాలి. మనం ఎంత అందంగా సర్దినా, అర్ధరాత్రి వెతుక్కునేది ఆయన. తన చేత్తో పెట్టుకున్నదే గుర్తుంటుంది.

బాత్‌రూమ్, మంచం, నీళ్లు

బాత్‌రూముకి ఎక్కువ ఖర్చు కాదు. గొళ్లెం నడుము ఎత్తుకి దించడం, జారని రబ్బరు పట్టా, గోడకి పట్టుకునే కడ్డీ, రాత్రంతా వెలిగే జీరో బల్బు. గొంతుక్కూర్చునే పాత రకం దొడ్డి అయితే పైన పెట్టుకునే ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. అది కొనండి, సిగ్గుపడకండి. కుట్లున్న మనిషి గొంతుక్కూర్చుని లేవడం నరకం. అద్దె ఇల్లయితే గోడకి రంధ్రం వేసేముందు ఓనరుకి చెప్పాలి.

మేకుల విషయంలో ఒకసారి పెద్ద పంచాయితీ అయింది. కడుపుతో ఉన్న ఇంట్లో మేకు కొట్టకూడదని మూడో ఇంటి అవ్వ వచ్చి గుమ్మంలో కూర్చుంది. నేను వాదించలేదు. కాసేపటికి ఆమే "ఇంటి మొగుడు కొట్టకూడదు, బయటోళ్లు కొడితే ఏం లేదులే" అంది. మా ఆయన వెళ్లి కొట్టాడు. అప్పటినుంచి సుత్తి బాధ్యత ఆయనది.

రంగులు వేయించాలనుకుంటే ఈ ఆదివారానికి నెలముందే అయిపోవాలి. పాత పెయింటు గీకేటప్పుడు లేచే దుమ్ములో సీసం ఉండొచ్చు. ఆ నాలుగు రోజులు పాపను ఇంట్లో ఉంచకండి.

మంచం మరీ కిందికి ఉండకూడదు. నులక మంచం కుంగుతుంది, లేవాలంటే పొట్ట మీద బలం పడుతుంది. చేయి చాపితే అందేంత దూరంలో స్టూలు, దాని మీద నీళ్ల సీసా, గుడ్డలు, ఫోను చార్జరు పెట్టండి. బిడ్డకు వేరే పక్క ఉండాలి, గట్టిగా, చదునుగా, తల్లికి చేయి దూరంలో. వెల్లకిలా పడుకోబెట్టాలి, దిండు వద్దు. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు కుట్టమని నా దగ్గరికే వస్తారు. కుట్టను. ముఖం దానికి ఆనుకుంటే అంత చిన్న బిడ్డ తల పక్కకి తిప్పుకోలేదు. కోపమొచ్చి వేరే టైలరు దగ్గరికి పోయినవాళ్లు ఉన్నారు, పోనీ.

ఉయ్యాల మాటొస్తే, ఖాళీ ఉయ్యాల ఊపకూడదంటారు గనక ముందే తేవద్దు. ఎవరు తెస్తారో, ఏ రోజు తెస్తారో మాత్రం రాసుకోండి. కొక్కేన్ని మాత్రం ముందే పరీక్షించాలి. ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తా ఒక రాత్రంతా వేలాడదీసి పొద్దున చూడండి. చీర ఉయ్యాలలో బిడ్డ గడ్డం గుండెకి ఆనుకుని ఊపిరికి అడ్డం పడొచ్చు. పగలు కళ్లెదుట మనిషి ఉంటేనే వేయండి, రాత్రి వద్దు.

మా వీధికి కొళాయి నీళ్లు రోజూ రావు. ప్రతి ఇంట్లో రెండు మూడు డ్రమ్ములు ఉంటాయి. డెంగీ దోమ మురుగులో పుట్టదు, మనం దాచుకున్న మంచినీళ్లలోనే పుడుతుంది, పగలు కుడుతుంది. గుడ్డు దోమయ్యేందుకు వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికొకసారి డ్రమ్ము ఖాళీ చేసి లోపలి గోడలు పీచుతో రుద్దాలి, గుడ్లు గోడకే అంటుకుని ఉంటాయి. ఆ ఆదివారం అన్ని డ్రమ్ములూ రుద్దేస్తాం. తర్వాత పాత దోమతెర గుడ్డతో నేను కుట్టిన టోపీలు తొడుగుతాం, చుట్టూ బొందు దూర్చి ఉంటుంది, లాగి కట్టేస్తే చీమ కూడా దూరదు. ఫ్రిజ్ వెనక చిన్న తొట్టిలో నీళ్లు చేరతాయి, మనీప్లాంటు సీసాలో ఉంటాయి, అవీ చూడండి. కిటికీలకి మెష్ అంటించండి.

బాలింతకి వెచ్చదనమని మూసిన గదిలో కుంపటి పెట్టే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కుంపటి కనపడితే నేను చేత్తో ఎత్తి మిద్దె మీద పెట్టి వస్తాను.

గుడ్డలు

ఇది నా శాఖ, కొంచెం ఎక్కువ చెబుతాను. పుట్టకముందు బిడ్డకు కొత్త బట్టలు తేకూడదని మనలో పట్టింపు. నాకు అందులో నష్టమేమీ కనపడలేదు, ఎందుకంటే చంటిబిడ్డ ఒంటికి పాత గుడ్డకి మించింది లేదు. వందసార్లు ఉతికిన నూలు చీర, పాత పంచె, ఈ రెండే చాలు. పాలియెస్టర్ కలిసినది తడి పీల్చదు. అనుమానమొస్తే అంచునుంచి ఒక దారం తీసి కాల్చి చూడండి. నూలు బూడిదవుతుంది, పాలియెస్టర్ ఉండకడుతుంది.

ఎన్ని కావాలి? మొదటి వారం గడిచాక బిడ్డ రోజుకి ఆరు, ఎనిమిదిసార్లకి తక్కువ కాకుండా తడుపుతుంది, దొడ్డికి వేరే. పాలు సరిపోతున్నాయా అనడానికి అదే గుర్తు. రోజుకి పదిహేను గుడ్డలు లెక్కపెట్టుకోండి. ఎండాకాలం ఇరవై అయిదు ఉంటే నడిచిపోతుంది, గంటలో ఆరిపోతాయి. కానీ మనకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో ఊరంతా నీళ్లు నిలిచినప్పుడు పక్క వీధి బాలింత ఇంట్లో నాలుగు రోజులు ఒక్క గుడ్డ ఆరలేదు, నా షాపులోని లైనింగు తానులు చించి ఇచ్చాను. వానాకాలం కాన్పు అయితే నలభై కుట్టించండి, ఇంట్లోనే ఫ్యాను కింద ఒక దండెం కట్టించండి.

అయిదున్నర మీటర్ల చీరను పొడుగునా పది, అడ్డంగా రెండు ముక్కలు చేస్తే ఇరవై చదరాలు వస్తాయి, ఒక్కోటి దాదాపు 55 సెంటీమీటర్లు. రెండు పొరలు కలిపి కుడితే పది గుడ్డలు. అంటే నాలుగు చీరలకు నలభై. అంచులు లోపలికి మడిచి ఒకే కుట్టు వేయాలి, దళసరిగా వేస్తే తొడలు ఒరుసుకుంటాయి. జరీ అంచు కత్తిరించి పారేయండి. పిన్నీసులు, హుక్కులు, ఎలాస్టిక్ వద్దు, కట్టుకునే బొందు చాలు. కొన్ని అయినా తెల్ల పంచెవి ఉంచండి. బిడ్డ మూత్రం పచ్చబడిందా, దొడ్డి ఏ రంగులో ఉందో తెలుపు మీదే తెలుస్తుంది. డాక్టరమ్మ అడిగే మొదటి ప్రశ్న అదే.

ఒక్క విషయం మాత్రం అందరికీ చెప్పండి. బీరువాలో చీరల మధ్య తెల్లటి కలరా ఉండలు పెడతాం కదా, ఆ వాసన ఉన్న గుడ్డ చంటిబిడ్డకి వాడకూడదు. కొందరు పిల్లలకి పుట్టుకతోనే ఒక లోపం ఉంటుంది, బయటికి తెలియదు. ఆ మందు తగిలితే వాళ్ల రక్తకణాలు విరిగిపోయి కామెర్లు ముదురుతాయి. మా ఆదివారానికి వచ్చే ప్రతి చీరనూ నేను ముందు వాసన చూస్తాను, అందరూ నవ్వుతారు. వాసనుంటే తిప్పి పంపేస్తాను, ఉతికినా తీసుకోను. మిగతావి వేడినీళ్లలో ఉతికి రెండు ఎండలు తగిలించి, ఇస్త్రీ చేసి, ఎండిన వేపాకు వేసి గుడ్డసంచిలో కట్టాలి. ఆ సంచి ఎక్కడ పెట్టాడో మొగుడు కళ్లు మూసుకుని చూపించాలి.

పెద్దవాళ్ల ముందు మాట్లాడాల్సినవి

పదకొండున్నరకి మజ్జిగ ఇచ్చి అందరినీ కూర్చోబెడతాం. వార్డు సచివాలయంలో ఏఎన్ఎమ్ (నర్సమ్మ) ఉంటుంది, పేటలో ఆశా కార్యకర్త ఉంటుంది. ఒకరిని ముందే అడిగి పిలుచుకోండి. ఎందుకంటే తేనె నాకించవద్దని కోడలు చెబితే అవ్వలు వినరు, నేను చెబితే "నువ్వు జాకెట్లు కుట్టుకో" అంటారు. తెల్లకోటు మనిషి చెబితే కనీసం వింటారు. ఆమెచేత మూడు నాలుగు మాటలు గట్టిగా చెప్పించండి. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టాలి. ఆరు నెలలు తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దు. ఏడాది నిండేదాకా తేనె వద్దు. కళ్లకి కాటుక, బొడ్డులో పసుపు, ముఖానికి సాంబ్రాణి పొగ వద్దు. బాలింతకి నీళ్లు, ఆకుకూరలు మాన్పించొద్దు.

అవ్వలను చిన్నబుచ్చకుండా వాళ్లకో పని ఒప్పజెప్పండి. మూడో ఇంటి అవ్వకి గుమ్మం కాపలా ఇచ్చాం. బయట బకెట్టు, చెంబు, సబ్బు. చేతులు కడగని మనిషి లోపలికి పోకూడదు, బిడ్డను ముద్దు పెట్టుకోకూడదు, దగ్గు, జలుబు ఉన్నవాళ్లు గడప దగ్గరే ఆగిపోవాలి. ఆ అవ్వ మా కార్పొరేటరును కూడా వెనక్కి పంపింది.

క్యారియరు, కాగితాలు, దారి

కాన్పయ్యాక పదిహేను రోజులు మధ్యాహ్నం క్యారియరు ఎవరెవరు పంపుతారో భోజనాలకి ముందే రాసేయండి, తిన్నాక అందరూ వెళ్లిపోతారు. తేదీలు వేయకండి. మొదటిసారి టీటీడీ క్యాలెండరులో తేదీలు వేశాం, బిడ్డ పన్నెండు రోజులు ముందే పుట్టాడు, మొదటి వారం ఒక్క క్యారియరూ రాలేదు. ఇప్పుడు "ఇంటికొచ్చిన రోజు ఒకటి, మర్నాడు రెండు" అని రాస్తాం. కరివేపాకు పొడి, నువ్వుల పొడి ఆ రోజే దంచి సీసాల్లో పోస్తాం. రెండో సిలిండరు నిండుగా ఉందో లేదో ఊపి చూస్తాం.

ఒక ఫైలులో తల్లీబిడ్డ కార్డు, స్కానింగులు, ఇద్దరి ఆధార్, ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కార్డు, బ్యాంకు పుస్తకం పెట్టండి. మొదటి కాన్పుకి కేంద్రం మాతృ వందన పథకం కింద 5,000 రూపాయలు వస్తాయి, పేరు రాయించారో లేదో అడగండి. పుట్టిన 21 రోజుల్లోపు జననం నమోదు చేయించాలి. ఇది నాన్న పని.

తలుపు వెనక పెద్ద అక్షరాలతో నంబర్లు రాసి అంటించండి. 108 పైన, ఆసుపత్రిది దాని కింద, ఆ తర్వాత రాత్రి పిలిచినా వచ్చే ఇద్దరు ఆటోవాళ్లవి. ఆ ఆటోవాళ్లను భోజనానికి పిలవండి, మేము పిలుస్తాం. పాప రక్తం గ్రూపు, అదే గ్రూపు ఉన్న ఇద్దరి పేర్లు కూడా రాయండి. ప్రసూతి ఆసుపత్రి, రుయా, స్విమ్స్ అన్నీ అలిపిరి రోడ్డు వైపే. బ్రహ్మోత్సవాల్లో కాన్పు తేదీ పడితే, ముఖ్యంగా అయిదో రోజు గరుడ సేవకి జనం పోటెత్తుతారు, అటువైపు ఆటో కదలదు. ఏ సందులోంచి పోవాలో ఆటో అబ్బాయితో ముందే ఒకసారి తిరిగి చూసుకోండి. నొప్పులు మొదలయ్యాక దారి గురించి టెన్షన్ పడకూడదు.

పోయినసారి మాకు మొత్తం అయిన ఖర్చు రెండు వేల మూడు వందలు. వసూలైంది పదహారు వందలు. మిగతా ఏడు వందలూ ఇంటి ఓనరు ఇచ్చాడు. బాత్‌రూమ్ కడ్డీ తన ఇంటికే ఉంటుందని లెక్కేసుకుని ఉంటాడు.

వెళ్లేముందు రెండో తాళంచెవి ఒకటి తీసుకోండి. మా ఇళ్లలో అది నా మిషను డ్రాయరులో ఉంటుంది. ఆసుపత్రిలో డిశ్చార్జి చీటీ రాస్తున్నారనగానే మొగుడు రెండు ఫోన్లు చేయాలి. మొదటిది ఆసుపత్రి వాళ్లు చెబితే ఇంటిదాకా దింపే తల్లీబిడ్డా ఎక్స్‌ప్రెస్ 102కి. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పయితే ఆ బండి ఉచితం. రెండోది నాకు. వాళ్లు వచ్చేలోపు నేను తాళం తీసి, ఇల్లు తుడిచి, పక్క పరిచి, గుడ్డల సంచి స్టూలు మీద పెట్టి, గుమ్మంలో సబ్బు ఉందో లేదో చూసి, అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి షాపుకి వెళ్లిపోతాను. ఆ రోజు బిడ్డను చూడటానికి లోపలికి పోను. మూడో రోజు పోతాను, క్యారియరు నాది ఆ రోజే.